ఇల్లు, బడి, మధ్యవర్తి

గృహము బాలునికి మొదటి పాఠశాల. పాఠశాల అతనికి రెండవ గృహము. ఈ రెండింటి నడుమ సామరస్యము ఉన్నంతవరకు చదువు సాఫీగా సాగుతుంది. ఈ రెండును కలహించిననాడు మొదట నష్టపోయేవాడు తండ్రియు కాడు, ఉపాధ్యాయుడును కాడు. ఆ కలహంలో నోరు విప్పే అవకాశమే లేని విద్యార్థి. మన సమాజంలో అన్నదమ్ముల వాటాల తగవుకు ఊరి పెద్దమనుషులున్నారు. భార్యాభర్తల వివాదానికి కుటుంబ న్యాయస్థానాలున్నవి. కాని బడికి, తల్లిదండ్రులకు మధ్య పేచీ పుట్టినచో ఎవరి ముంగిట నిలువవలెనో చెప్పగలవారు అరుదు. ఈ లోటును గూర్చి, దానిని పూరించుటకు మధ్యవర్తిత్వము ఏ మేరకు పనికివస్తుందన్న విషయాన్ని గూర్చి నాలుగు మాటలు పాఠకుల ముందుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన ఇస్మాయిల్‌ఖాన్‌పేట సంగారెడ్డి మండలంలోని గ్రామము. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడువరకు ఇది మెదక్ జిల్లాలో ఉండినది. 1960 దశకంలో రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము, 1970 దశకం నుండి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు, 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము వెలసిన తరువాత ఈ ప్రాంతపు జీవన విధానమే మారినది. సేద్యము చేసిన ఇండ్లలోని యువకులు కార్మికులైనారు. ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన శ్రామిక కుటుంబాలు ఇక్కడ కాపురాలు పెట్టినవి. తండ్రి పగటి షిఫ్టులో ఉన్న వారము బడి తెరచి ఉన్న వేళకు అతనికి తీరిక ఉండదు; రాత్రి షిఫ్టులో ఉన్న వారము ఆ వేళకు నిద్రలో ఉంటాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడి పంపే కాగితము మీద ఇంగ్లీషు. ఇట్టి పరిస్థితిలో అపార్థములు పుట్టకపోవుటే ఆశ్చర్యము గాని, పుట్టుటలో ఆశ్చర్యము లేదు.

ఆ తగవులు ఏవి? ఫీజు బకాయి ఉన్నదని టి.సి. ఇవ్వకపోవుట, పరీక్షలకు ముందు పిల్లవానిని తరగతి బయట నిలబెట్టుట, బెత్తముతో కొట్టినాడని తల్లి, కొట్టలేదని ఉపాధ్యాయుడు వాదించుట, చదువులో వెనుకబడిన బాలికను మీ ఇంటిదగ్గరే ఉంచుకొనుడని చెప్పుట, వినికిడి లోపమో, మాట తడబాటో ఉన్న పిల్లవానికి బడిలో చోటు లేదనుట, ఉర్దూ మాధ్యమములో చదివి వచ్చిన విద్యార్థికి తెలుగులో తక్కువ మార్కులు వచ్చుట. వీనిలో అనేకము మొదట అతి చిన్నవి. ఒక గంట సేపు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకొన్నచో తీరిపోగలిగినవి. ఆ గంట దొరకకపోవుట వలననే అవి పెద్దవి అవుతున్నవి.

ఇక్కడ ఒక వింత గమనింపదగినది. ఈ పారిశ్రామిక వాడల కార్మికునికి రాజీ చర్చలు కొత్తవి కావు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము కాలము నుండియు, యజమానికి కార్మికులకు పేచీ వచ్చినచో ఉభయులను ఒక బల్ల వద్ద కూర్చుండబెట్టుటకు రాజీ అధికారి ఉంటూ వచ్చినాడు. వేతనము, బోనసు, పనిగంటలు ఈ బల్ల వద్దకు వచ్చిన విషయాలే. తన కూలి విషయమై బలవంతుడైన యజమానితో సమానముగా కూర్చొనగలిగిన కార్మికుడు, తన బిడ్డ చదువు విషయమై బడి గుమ్మము వద్ద చేతులు కట్టుకొని నిలువవలసి వస్తున్నది. కూలికి ఉన్న బల్ల చదువుకు ఎందుకు ఉండరాదు?

అట్టి బల్ల లేనందున తల్లిదండ్రులకు నేడు మూడు దారులే మిగిలినవి. మొదటిది మౌనము: మాట్లాడినచో పిల్లవాని మీద కక్ష పెట్టుకొందురేమోనన్న భయము. రెండవది రచ్చ: నలుగురిని వెంటబెట్టుకొని బడి మీదికి పోయి కేకలు వేయుట, దీనివలన నిర్దోషియైన ఉపాధ్యాయుడు కూడ నలుగురిలో అవమానము పాలగుట జరుగుతున్నది. మూడవది, అందరికన్న పేదవారు ఎన్నుకొనునది, బిడ్డను బడి మాన్పించుట. రాజీనామా అన్న పదమునకు తెలుగులో పదవిని విడిచిపోవుట అని అర్థము; ఉర్దూలో అదే పదమునకు ఉభయులు సమ్మతించి వ్రాసుకొన్న ఒడంబడిక అని అర్థము. మన పిల్లల చదువులలో తెలుగు రాజీనామాలు ఎక్కువగా, ఉర్దూ రాజీనామాలు తక్కువగా జరుగుతున్నవి. రెండు భాషలును చదువుకొన్న మనము ఈ లెక్కను తలక్రిందులు చేయుటకు పూనుకొనవలెను.

మధ్యవర్తిత్వము అనగానేమో ముందుగా స్పష్టపరచుకొనుట అవసరము. తెలుగులో మధ్యవర్తి అన్న మాటను తీర్పు చెప్పువానికిని, రాజీ కుదుర్చువానికిని కూడ వాడుతున్నాము. ఇవి రెండును వేరు. తీర్పరి ఉభయుల వాదమును విని తన నిర్ణయమును వినిపించును. దానికి వారు కట్టుబడవలెను. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఒకరి మాట రెండవవారికి వినబడునట్లు చేయును. కోపము వెనుక దాగిన అవసరము ఏమిటో వెలికితీయును. పరిష్కారమును ఉభయులే కనుగొనునట్లు తోడ్పడును. రాయబారి కూడ మధ్యవర్తి కాడు. శ్రీకృష్ణుడు కౌరవసభకు పోయినది పాండవుల దూతగా. ఎంతటి నేర్పరియైనను ఒక పక్షము పంపగా వచ్చినవానిని రెండవ పక్షము తటస్థునిగా నమ్మదు. బడి కమిటీ సభ్యుడు తల్లిదండ్రులకు నచ్చజెప్పుటయు, రాజకీయ నాయకుడు ప్రధానోపాధ్యాయునికి ఫోను చేయుటయు ఈ రాయబారముల కోవకు చెందినవే.

అయినచో న్యాయస్థానములు లేవా అని అడుగవచ్చును. ఉన్నవి, ఉండవలెను. కాని కాలము యొక్క విలువ ఈ ప్రాంతము వారికి వేరుగా చెప్పనక్కరలేదు. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యము 2001లో హైకోర్టుకు బదిలీయై, ఆపైన జాతీయ హరిత ట్రిబ్యునలుకు పోయి, 2017లో గాని ముగియలేదు. నక్కవాగు గట్టున అప్పుడు పుట్టిన శిశువులు ఆ సరికి పెద్దవారై తమ పిల్లలను బడికి పంపుతున్నారు. అది వేలమందికి సంబంధించిన జటిలమైన వ్యాజ్యము. దానితో బడి తగవును సరితూచుట నా అభిమతము కాదు. కాని బాలుని కాలమానము వేరు. విద్యాహక్కు చట్టము ప్రకారము 1 నుండి 5 తరగతులకు సంవత్సరమునకు 200, 6 నుండి 8 తరగతులకు 220 పనిదినములు ఉండవలెను. నెల దినములు బడికి దూరమైన పిల్లవాడు ఏడాది చదువులో పెద్దభాగమును పోగొట్టుకొన్నట్లే. న్యాయము ఆలస్యముగా లభించిననాడు తండ్రికి నష్టపరిహారము దొరకవచ్చును గాని, కొడుకునకు ఐదవ తరగతి తిరిగి దొరకదు.

చట్టములో మనకు దారులు బొత్తిగా లేకపోలేదు. 2009లో ఆమోదించబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, టి.సి. అడిగిన వెంటనే ఇవ్వవలెనని, శారీరక దండన, మానసిక వేధింపు కూడదని శాసించినది. ఆ చట్టము 21వ సెక్షను ప్రకారము యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెను. కాని ప్రభుత్వ సహాయము పొందని ప్రయివేటు బడులకు ఈ నియమము లేదు. 32వ సెక్షను క్రింద ఎవరైనను స్థానిక సంస్థకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలో నిర్ణయము చెప్పవలెను. ఇవన్నియు మంచివే. అయితే ఇవి తప్పొప్పులను తేల్చు మార్గములు. తప్పు తేలిన మరునాడు కూడ ఆ బాలుడు ఆ ఉపాధ్యాయుని ఎదుటనే కూర్చొనవలసి ఉన్నది. తీర్పు హక్కును నిలబెట్టగలదు గాని, చెడిన సంబంధమును అతుకజాలదు.

రాజీ మార్గమును కూడ చట్టము గుర్తించినది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము, కేసు వేయకముందే వివాదమును లోక్ అదాలత్‌కు తేవచ్చును. అక్కడ కుదిరిన రాజీకి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన బలము కలదు. అదే చట్టము 12వ సెక్షను స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులముల తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమును ప్రసాదించినది. మన ప్రాంతములో బడితో పేచీ పడిన కుటుంబములో ఈ నాలుగింటిలో ఏ ఒక్కటియు వర్తించని ఇల్లు ఉండదనుటలో అతిశయోక్తి లేదు. అయినను ఈ సంగతి తెలిసినవారెందరు? దేశమంతట పనిచేయు న్యాయసహాయ ఫోను సంఖ్య 15100 ఎందరి ఇంటి గోడపై వ్రాయబడి ఉన్నది?

ఇటీవలి 2023 మధ్యవర్తిత్వ చట్టము మరి యొక అడుగు ముందుకు వేసినది. దానిలోని కొన్ని సెక్షనులు ఆ ఏడాది అక్టోబరు 9న అమలులోనికి వచ్చినవి. ఒక ప్రాంతపు కుటుంబముల నడుమ శాంతికి భంగము కలిగించు తగవులను, ఉభయుల ముందస్తు సమ్మతితో, ముగ్గురు మధ్యవర్తుల ద్వారా పరిష్కరించు సామాజిక మధ్యవర్తిత్వమునకు ఆ చట్టములో ఒక అధ్యాయమే కలదు. ఆ విధముగా కుదిరిన ఒప్పందము కోర్టు డిక్రీ వలె అమలు కాదు. దాని బలమంతయు మాట నిలుపుకొనుటలోనే ఉన్నది. ఇంటికి బడికి నడుమ తగవులకు ఇది లోపము కాదు. బెదిరింపుతో నిలిచిన రాజీ బడిలో ఒక్క వారము కూడ నిలువదు.

మైనారిటీ విద్యాసంస్థల వారు ఈ విషయమును మరింత శ్రద్ధతో ఆలోచింపవలసి ఉన్నది. 2014లో ప్రమతి ఎడ్యుకేషనల్ అండ్ కల్చరల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, మైనారిటీ పాఠశాలలకు విద్యాహక్కు చట్టము వర్తించదని తీర్పు చెప్పినది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును పెద్ద ధర్మాసనము పరిశీలింపవలెనని నివేదించినది. ఆ చర్చ ఎట్లు ముగిసినను ఒక మాట నిజము. 30వ అధికరణము మన సంస్థలను మనమే నిర్వహించుకొను హక్కును ఇచ్చినది. మన తల్లిదండ్రుల మొరను ఆలకింపకుండుటకు హక్కును ఇవ్వలేదు. బయటి ఫిర్యాదు మార్గము మనకు వర్తించనిచోట లోపలి మార్గమును ఏర్పరచుట మన బాధ్యత అగును. ప్రభుత్వము ఆజ్ఞాపించుటకు ముందే మైనారిటీ సంస్థలు తమ బడులలో మధ్యవర్తిత్వపు బల్లను వేసి చూపినచో, స్వయంప్రతిపత్తి అన్న మాటకు అంతకన్న మంచి సమర్థన మరొకటి ఉండదు.

మాట్లాడుకొను చోటు లేనప్పుడు ఏమగునో పొరుగు రాష్ట్రము మనకు చూపినది. కర్ణాటకలోని ఉడుపిలో 2021 చివర ఒకే ఒక ప్రభుత్వ కళాశాలలో కొద్దిమంది బాలికల శిరోవస్త్రమును గూర్చి మొదలైన తగవు, కొద్ది వారములలో రాష్ట్రమంతట వ్యాపించినది. 2022 మార్చి 15న హైకోర్టు తీర్పు వచ్చినది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరియొక అభిప్రాయమును వెలిబుచ్చినారు. అందులో ఎవరిది న్యాయమన్నది ఇక్కడి ప్రస్తావన కాదు. విద్యా సంవత్సరము మాత్రము ఎవరి కొరకు ఆగలేదు. మొదటి వారములో, పత్రికలు రాకముందు, ఊరేగింపులు లేకముందు, ఆ తల్లిదండ్రులను ప్రిన్సిపాలును ఒక నమ్మకస్తుని ఎదుట కూర్చుండబెట్టిన యేర్పాటు ఉన్నచో కథ వేరుగా నడిచి ఉండునేమో.

ఇతర దేశముల అనుభవము కూడ మనకు ఉపకరించును. అమెరికాలో వికలాంగ బాలల విద్యాహక్కును 1975 నాటి చట్టము స్థిరపరచగా, తల్లిదండ్రులకు బడులకు ఆ విషయమై వచ్చు వివాదములలో మధ్యవర్తిత్వమును అందుబాటులో ఉంచుట ప్రతి రాష్ట్రము విధి అని 1997 సవరణ నిర్దేశించినది. అక్కడి నియమములు గమనింపదగినవి: ఉభయుల ఇష్టము లేనిదే అది జరుగరాదు, విచారణ హక్కును ఆలస్యము చేయుటకు దానిని వాడరాదు, మధ్యవర్తి శిక్షణ పొందిన తటస్థుడై ఉండవలెను, ఖర్చును రాష్ట్రమే భరింపవలెను. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఈ సౌకర్యము వర్తించును. ఇంగ్లండులో 2014 చట్టము, ప్రత్యేక అవసరముల పిల్లల విషయమై ట్రిబ్యునలుకు పోదలచిన తల్లిదండ్రులు చాలా సందర్భములలో ముందుగా మధ్యవర్తిత్వ సలహాదారుతో మాట్లాడవలెనని విధించి, ఆపైన రాజీకి కూర్చొనుటయా మానుటయా అన్నది వారి ఇచ్చకే వదలినది. మన దేశములో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్యను హామీ ఇచ్చినది. హక్కు కాగితము మీద ఉన్నది. ఆ హక్కును గూర్చి బడితో ప్రశాంతముగా మాట్లాడు స్థలము లేదు.

అయితే మధ్యవర్తిత్వమునకు ఒక గీత ఉన్నది. దానిని ఎన్నడును దాటరాదు. బాలల మీద జరిగిన నేరము రాజీకి తగినది కాదు. లైంగిక అఘాయిత్యము విషయమై 2012 నాటి పోక్సో చట్టము, తెలిసిన ప్రతివాడు పోలీసులకు తెలుపవలెనని, తెలుపకుండుట శిక్షార్హమని చెప్పుచున్నది. పిల్లవానికి గాయమగునట్లు కొట్టిన సందర్భమును డబ్బు ఇచ్చి, కాళ్లు పట్టుకొని, బడి పరువు పేరుతో కప్పిపుచ్చుట మధ్యవర్తిత్వము కాదు, నేరమునకు తోడ్పాటు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ఏ బడిని, ఏ సంస్థను మినహాయింపలేదు. అట్టి సందర్భములలో పోవలసినది పోలీసు ఠాణాకు. ఫోను చేయవలసినది 1098కి. ఈ గీతను మొదటి దినముననే గోడమీద వ్రాసి ఉంచవలెను.

ఇక అభ్యంతరములు. పంచాయితీలో బలవంతుడే గెలుచును గదా అని కొందరందురు. నిజమే, పాత రచ్చబండలో పేదవాని మాటకు, స్త్రీ మాటకు చోటు తక్కువ. కనుకనే పాత పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుట కాక, సరిదిద్ది తేవలెను. బడి యజమాని ఎదుట ఒంటరి కార్మికుడు నిలువజాలడు. తనతో ఒకరిని తెచ్చుకొను హక్కు అతనికి ఉండవలెను, ఏ క్షణమైనను లేచిపోయి చట్టమును ఆశ్రయించు హక్కును నిలిచి ఉండవలెను. బడి అధికారము పలుచబడునని యాజమాన్యములు జంకవచ్చును. కాని తలుపు మూసి నిలుపుకొన్న గౌరవము బెదురుతో కూడినది. తలుపు తెరచి సంపాదించుకొన్నది నమ్మకముతో కూడినది. ఉపాధ్యాయులు తాము దోషులుగా నిలబెట్టబడుదుమేమోనని శంకింపవచ్చును. నిజమునకు ఇందువలన అధికముగా రక్షణ పొందువారు వారే. గుమికూడిన జనము ఎదుట ఉపాధ్యాయుని మాట వినువారుండరు. నలుగురు కూర్చొన్న గదిలో వినువారుందురు.

ఇది కొండను త్రవ్వు పని కాదు. మండలమునకు అయిదారుగురు మధ్యవర్తుల పట్టికను సిద్ధపరచవలెను. వారిలో విశ్రాంత ఉపాధ్యాయులు, నర్సులు, మహిళా పొదుపు సంఘముల అనుభవము గలవారు ఉండవచ్చును. సగము మంది స్త్రీలై, కొందరైనను ఉర్దూ తెలుగు రెండును మాట్లాడగలవారై ఉండవలెను. ఏ బడి తగవునకు ఆ బడితో గాని, ఆ కుటుంబముతో గాని సంబంధము లేనివారినే పిలువవలెను. పదవిలో ఉన్న రాజకీయ నాయకులు ఇందులో వద్దు. జిల్లా న్యాయసేవల సంస్థ వీరికి శిక్షణ ఇప్పింపవచ్చును. ఫిర్యాదు అందిన వారము దినములలో మొదటి సమావేశము, పదునైదు దినములలో ముగింపు ఉండవలెను. సమావేశము ఆదివారము గాని, షిఫ్టు ముగిసిన సాయంకాలము గాని జరుగవలెను. ఒక పూట కూలి పోగొట్టుకొని వచ్చినవానికి రాజీ కూడ భారమే. ముందు ఉభయులతో విడివిడిగా, పిదప కలిపి మాట్లాడవలెను. విద్యార్థి మాటను వేరుగా, అతడు నమ్మిన పెద్దల సమక్షములో వినవలెను. కుదిరిన మాటను ఒక్క పుటలో, ఉభయులకు తెలిసిన భాషలో వ్రాసి చదివి వినిపింపవలెను. గదిలో మాట్లాడినది గది దాటరాదు. నెల గడచిన పిదప మరల కూడి, మాట నిలిచినదా లేదా అని విచారింపవలెను. అన్నిటికన్న ముఖ్యము: చర్చ నడచినంతకాలము బాలుడు తరగతిలోనే ఉండవలెను. ఫీజు బకాయి తండ్రిది. దానికి పిల్లవాని పాఠమును తాకట్టు పెట్టరాదు.

మన కళాశాలలో చదువుకొను విద్యార్థినీ విద్యార్థులకు ఇందులో ఒక పాత్ర ఉన్నది. వారిలో పలువురు తమ ఇండ్లలో ఇంతవరకు చదివిన మొదటి తరము వారు. బడి పంపిన ఇంగ్లీషు కాగితమును తల్లికి ఉర్దూలోనో తెలుగులోనో చదివి వినిపించగలవారు వారే. 15100 అన్న సంఖ్యను వీధిలో నలుగురికి చెప్పగలవారు వారే. రేపు ఉపాధ్యాయులుగా, న్యాయవాదులుగా, తల్లిదండ్రులుగా ఆ బల్లకు ఇరువైపుల కూర్చొనబోవువారును వారే. ఎదుటివాని మాటను పూర్తిగా విను అలవాటు వారికి ఇక్కడనే అలవడవలెను. మన యాజమాన్యము వారు, చుట్టుపట్ల బడుల పెద్దలు వచ్చే విద్యా సంవత్సరము ఆరంభమునకు ముందే ఒక్క గదిని, ఒక్క బల్లను, నమ్మదగిన ముగ్గురిని ఈ పనికి కేటాయింతురు గాక.